అందం యెవరి అవసరం?

పోయిన యేడు వేసవిలో టెక్కలిలో మా అధ్యయన గోష్ఠి జరిగినప్పుడు నేనొక వ్యాసం చదివాను. సౌందర్య సాధనాల వ్యాపారం మనుషుల్లో యెలాంటి లోటును పుట్టిస్తుందో, ఆ లోటును మళ్ళీ సీసాల్లోనూ గొట్టాల్లోనూ నింపి వాళ్ళకే యెలా అమ్ముతుందో వివరించడం ఆ వ్యాసం వుద్దేశం. "ఫెయిర్ అండ్ లవ్లీ" అనే క్రీము 2020లో తన పేరులోంచి "ఫెయిర్" అన్న మాట తీసేసి "గ్లో" అని పెట్టుకున్న సంగతి చెప్పినప్పుడు విద్యార్థులు చప్పట్లు కొట్టారు. ఆ వూపులో యింకో పేరా కూడా చదివాను. హిజ్రాలు, ట్రాన్స్ స్త్రీలు బుగ్గల్లోకీ పెదవుల్లోకీ తుంటిలోకీ యేవేవో ద్రవాలు యెక్కించుకోవడం యీ వినియోగ సంస్కృతికి పరాకాష్ఠ అనీ, వాళ్ళు తమ దోపిడీని తామే సూదితో వొంట్లోకి పొడిపించుకుంటున్నారనీ అందులో రాసుకున్నాను. ఆ వాక్యం బాగా కుదిరిందని అప్పుడు నేననుకున్న మాట కూడా దాచను.

గోష్ఠి జరిగిన గదిలో వెనక బెంచీ మీద నా చెల్లెలు కూర్చుని వుంది. ఆమె వస్తుందని నాకు తెలియదు. విశాఖ నుంచి యింటికి వస్తూ దారిలో నన్ను చూడడానికి దిగింది. సభలో యేమీ మాట్లాడలేదు. బస్టాండుకి నడుస్తుండగా అంది: "బాగానే సదివినావు అన్నియ్యా. మరి నా బుగ్గ సంగతి నన్నడక్కండా ఎలా రాసినావు?"

యీ వ్యాసం ఆ పేరాకి సవరణ.

ఆమె నాకన్నా పన్నెండేళ్ళు చిన్నది. మా యింట్లో తమ్ముడిగా పుట్టింది. మాది వజ్రపుకొత్తూరు మండలంలో వొక వూరు. కొబ్బరి, జీడి, పనస. వాటి మధ్య యిసుక నేల. దీన్నే ఉద్దానం అంటారు; ఉద్యానవనం అన్న మాటే అలా మారిందని మా పెద్దవాళ్ళు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. మా నాన్నకి కాస్త తోట వుండేది. అది యేడాది పొడుగునా తిండి పెట్టేది కాదు గనక మా అమ్మ కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీకి వెళ్ళేది.

జీడి పని గురించి వొక్క నిమిషం చెప్పాలి, ముందు ముందు అది అవసరమవుతుంది. కాల్చిన పిక్కను పగలగొట్టేటప్పుడు పెంకులోంచి నూనె కారుతుంది. అది చర్మాన్ని కాల్చేస్తుంది. పలాస ఆడవాళ్ళలో వేళ్ళు నల్లబడి తోలు లేచిపోయినవాళ్ళు యెంతమందో. పగలగొట్టి, పొట్టు తీసిన పప్పును బల్లల మీద పోసి యేరుతారు. గుండుది వేరు, బద్ద వేరు, ముక్క వేరు. గుండులో మళ్ళీ తెల్లనిది వేరు, సెగ తగిలి రంగు మారినది వేరు. డబ్ల్యు 240, డబ్ల్యు 320 అని వాటికి పేర్లు. డబ్ల్యు అంటే తెలుపు. అంకె అంటే పౌనుకి యెన్ని గింజలు తూగుతాయో ఆ లెక్క. రుచిలో పెద్ద తేడా వుండదు, ధరలో మాత్రం చాలా వుంటుంది. కాలిన వేళ్ళతో రోజంతా తెల్లదనాన్ని యేరి పెట్టిన మా అమ్మ, యింటికి వచ్చి ఆ వేళ్ళను కొంగు కింద దాచుకునేది. పెళ్ళిళ్ళకి వెళ్ళినా అంతే. ఆ చేతులు చూసి ఫలానా ఫ్యాక్టరీ మనిషి అని యెవరైనా గుర్తుపడితే ఆమెకు చిన్నతనం. చిన్నతనం పడవలసింది ఆమె కాదని నేను విద్యార్థి సంఘంలో చేరాక వుపన్యాసం యిచ్చాను. ఆమె విని, కొంగు మాత్రం తియ్యలేదు.

మా చెల్లెలు పదిహేడో యేట యిల్లు విడిచి వెళ్ళింది. యెందుకు వెళ్ళిందో చెప్పడానికి కథ అక్కర్లేదు. వూళ్ళో నలుగురూ అన్న మాటలు, మా నాన్న చెయ్యి, నా మౌనం - మూడూ చాలు. వెళ్ళి విశాఖలో వొక గురువు దగ్గర చేలాగా చేరింది. మూడు నాలుగేళ్ళ వరకూ మాకు కబురు లేదు. తరవాత పలాస మీదుగా పోయే రైళ్ళలో చూశామని యెవరో చెప్పారు. ఆ వార్త విని మా నాన్న రైలెక్కడం మానేశాడు. నేనూ కొంతకాలం శ్రీకాకుళం బస్సులోనే వెళ్ళాను. యిది కూడా రాసి పెట్టవలసిన విషయమే.

యిక అసలు ప్రశ్న. యెందుకు యెక్కించుకుంది? నా పాత వ్యాసం ప్రకారమైతే ప్రకటనలు చూసి, సినిమాలు చూసి. ఆమె చెప్పిన జవాబు వేరు. ఆమె మొదట చెప్పింది రైలు పెట్టె సంగతి. రైల్లో అడుక్కోవడం అప్పట్లో 1989 నాటి రైల్వే చట్టం 144వ సెక్షను కింద నేరం. పట్టుబడితే జరిమానా కట్టవలసి వచ్చేది. అంచేత రెండు స్టేషన్ల మధ్య దొరికిన కాసేపట్లోనే పని అయిపోవాలి. ఆ కాసేపట్లో ప్రయాణీకుడు ముందు ముఖం చూస్తాడు. గడ్డం నీడ కనిపించిందా, దవడ యెముక గట్టిగా వుందా - వెక్కిరిస్తాడు, లేకపోతే భయపడి వొక నాణెం విసురుతాడు. ముఖం గుండ్రంగా, నునుపుగా వుంటే "అమ్మా" అని నోటు చేతిలో పెట్టి, పసిపిల్లను దీవించమని ముందుకు తోస్తాడు. "మా అమ్మ బల్ల మీద పప్పు యేరేది గదా అన్నియ్యా, రైల్లో మమ్మల్నీ అలాగే యేరతారు" అంది. పోలిక ఆమెదే. నేను అర్థశాస్త్రం ముప్ఫయి యేళ్ళు పాఠం చెప్పాను గాని నాకిది తట్టలేదు.

తరవాత అద్దె యిల్లు. నగరంలో యిల్లు అడగడానికి వెళ్ళినప్పుడు యజమానురాలు గుమ్మంలోనే నిలబెట్టి పైనుంచి కిందికి చూస్తుంది. ఆడమనిషిగా చెల్లిన వాళ్ళకి గది దొరుకుతుంది. చెల్లని వాళ్ళు రెండింతలు యిచ్చుకోవాలి, అదీ వూరి చివర. సాయంత్రం వీధిలో నడిచేటప్పుడు కుర్రాళ్ళ గుంపు యెదురైతే, గుర్తుపట్టకుండా వుంటేనే ప్రాణానికి క్షేమం. వొళ్ళమ్ముకోక తప్పని వాళ్ళకి బేరం కూడా ముఖాన్ని బట్టే. వీటిలో యే వొక్కటీ అద్దం ముందు కూర్చుని పుట్టిన కోరిక కాదు.

కోరిక లేదని మాత్రం నేను అనబోవడం లేదు. అలా అంటే మళ్ళీ నా పాత వ్యాసం లాంటి అన్యాయమే, మరో దిక్కు నుంచి చేసినట్టవుతుంది. చిన్నప్పుడు అమ్మ చీర కట్టుకుని బావిలోకి తొంగి చూసుకున్న పిల్ల, పెద్దయ్యాక తనకు తాను కనిపించాలని కోరుకుంటుంది. ఆ కోరిక ఆమెది. దాని ధర, దాని గడువు, అది తీరే చోటు - యివి సంఘం నిర్ణయించినవి.

జమాత్ సంగతీ చెప్పాలి. బయటివాళ్ళు దాన్ని ముఠా అంటారు, కొందరు మిత్రులు వొక స్వర్గంలా వర్ణిస్తారు. ఆమె మాటల్లో అది వొక కుటుంబం, కుటుంబానికుండే గుణదోషాలన్నీ దానికీ వున్నాయి. నిర్వాణం చేయించుకున్నవాళ్ళకి వొక గౌరవం, అక్వాలకి తక్కువ. గాయత్రీ రెడ్డి అనే పరిశోధకురాలు హైదరాబాదు, సికిందరాబాదు హిజ్రాల మధ్య తిరిగి 2005లో ప్రచురించిన గ్రంథంలో యీ "ఇజ్జత్" అన్న మాట చుట్టూ వారి జీవితం యెలా అల్లుకుని వుంటుందో వివరంగా రాసింది. యీ మధ్య కాలంలో బుగ్గలూ పెదవులూ కూడా ఆ గౌరవపు లెక్కలోకి వచ్చాయని మా చెల్లెలు చెబుతుంది. తోటి చేలా చేయించుకుని వస్తే, చేయించుకోని పిల్ల పండగనాడు వెనక వరసలో నిలబడుతుంది. సూది యెక్కడ వేస్తారో, యెంత తీసుకుంటారో ఆ తోటి చేలాయే చెబుతుంది. జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసేదీ ఆమే. తోసేదీ పట్టుకునేదీ వొకే చెయ్యి అయినప్పుడు "చెడు సావాసం" అని తీర్పు చెప్పడం నాకు యిప్పుడు చేతకావడం లేదు.

సూది కన్నా ముందు మాత్రలు. కుటుంబ నియంత్రణ కోసం వాడే మాలా-డి మాత్రలను ఆమె యిరవయ్యో యేట నుంచి రోజుకి రెండు, మూడు చొప్పున మింగింది. డాక్టరు చెప్పలేదు, ముందున్నవాళ్ళు చెప్పారు. 2017లో వొక నగరంలో, వొక అద్దె గదిలో, అందరూ మేడమ్ అని పిలిచే వొకామె చేత రెండు బుగ్గల్లోనూ తుంటిలోనూ వేయించుకుంది. సీసా మీద కాగితం లేదు. సిలికాన్ అన్నారు. మంచి రకమా అని అడిగితే "విదేశీ" అన్నారట.

యీ ద్రవాల చరిత్ర కొంచెం తెలుసుకున్నాను. 1899లో వియన్నాలో గెర్సునీ అనే శస్త్రవైద్యుడు, క్షయవల్ల వృషణాలు తీసేయవలసి వచ్చిన వొక యువకుడికి ఆ ఖాళీలో వాజిలైన్ యెక్కించాడు. అక్కడి నుంచి పారఫిన్ ముక్కులకీ రొమ్ములకీ యెక్కించడం యూరపులో వేలంవెర్రి అయింది. మరి కొన్నేళ్ళకి ఆ పారఫిన్ గడ్డకట్టి, జారి, పుళ్ళు పడి మనుషుల్ని వికారం చేసింది. రెండో ప్రపంచయుద్ధం తరవాత, అమెరికా సైన్యం ఆక్రమించిన జపానులో, ఆ సైనికుల అభిరుచికి తగినట్టు వుండాలని వేశ్యావృత్తిలో వున్న స్త్రీల రొమ్ముల్లోకి పారిశ్రామిక సిలికాన్ యెక్కించారని వైద్య చరిత్రకారులు రాశారు. మరో మూల బ్రెజిల్‌లో, సాల్వడోర్ నగరపు ట్రవెస్తీల గురించి డాన్ క్యూలిక్ 1998లో రాసిన పుస్తకంలో, తోటివారే సూదులు పట్టి పారిశ్రామిక సిలికాన్‌ను లీటర్ల లెక్కన తుంటిలోకి యెక్కించే విధానం వుంది. దేశాలు వేరు, యేళ్ళు వేరు. సూది కింద పడుకున్నది మాత్రం ప్రతిచోటా బేరం కుదుర్చుకోలేని మనిషే.

సిలికాన్ వొంట్లో కరగదు. దాని చుట్టూ శరీరం గోడ కడుతుంది, గట్టి గడ్డలవుతాయి. బరువుకి కిందికి జారుతుంది. రక్తనాళంలో పడితే వూపిరితిత్తులకి చేరి గంటల్లో ప్రాణం తియ్యగలదు. వొళ్ళు తీర్చడానికి సిలికాన్ ఇంజక్షన్లు వద్దని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2017 నవంబరులో ప్రత్యేకంగా హెచ్చరించింది. మా చెల్లెలు వేయించుకున్నదీ ఆ యేడే. పెద్ద క్లినిక్కుల్లో చర్మవైద్యులు వాడేది వేరు, హైలురానిక్ ఆమ్లం. అది కొన్ని నెలలకి దానంతట అదే కరిగిపోతుంది. తేడా వస్తే వెంటనే కరిగించే మందు కూడా వుంది. అదీ నిరపాయం కాదు, ధమనిలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, చూపు పోవచ్చు. కాని తెలిసిన డాక్టరు చేతిలో, మందు దగ్గరుండగా వేయించుకోవడానికీ, కాగితం లేని సీసాకీ పోలికే లేదు. ఆ వొక్క మిల్లీలీటరు సిరంజికి వేలల్లో ఖర్చవుతుంది. కరిగిపోయిన ప్రతిసారీ మళ్ళీ పెట్టాలి. డబ్బున్నవాళ్ళకి కరిగేదీ లేనివాళ్ళకి కరగనిదీ అమ్ముతున్నారన్నమాట. నా వ్యాసంలో వుండవలసిన వర్గ విశ్లేషణ యిది, లేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. మా తోటలో కొబ్బరి చెట్లు చాలావరకు విరిగిపడ్డాయి, జీడి చెట్లు వేళ్ళతో లేచిపోయాయి. పెరిగిన కొబ్బరి చెట్టు మళ్ళీ రావాలంటే యెన్నేళ్ళు పడుతుందో ఉద్దానం మనిషికి వేరే చెప్పనక్కర్లేదు. మా యింటి కప్పు యెగిరిపోయింది. నా జీతం అప్పుల కిందా పిల్లల చదువుల కిందా పోయేది. కప్పు వేయించింది మా చెల్లెలు. రైలు పెట్టెల్లో, దీవెనలకీ వెక్కిరింతలకీ వచ్చిన నోట్లు; ఆ బుగ్గలు సంపాదించిన నోట్లు. వూళ్ళో మాత్రం "పెద్దోడు మాస్టారు గదా, పంపించాడు" అనుకున్నారు. మేమెవ్వరమూ కాదనలేదు.

మా నాన్నకి కిడ్నీ జబ్బు వచ్చింది. ఉద్దానంలో యీ మాట యెవరినీ ఆశ్చర్యపరచదు. యెన్నో యేళ్ళుగా యెన్నో బృందాలు వచ్చి నీళ్ళూ మట్టీ పరీక్ష చేశాయి, కారణం యిదీ అని యిప్పటికీ గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆస్పత్రి తెరిచారు. మా నాన్న అప్పటికి లేడు. డయాలసిస్ మీద వున్న రోజుల్లో, చీకటి పడ్డాక యింటికి వచ్చి మంచం పక్కన కూర్చునేది మా చెల్లెలు. చూపు మందగించిన ఆయన వొక రాత్రి చెయ్యి చాచి ఆమె బుగ్గ తడిమాడు. ఆమెను చేతితో తాకడం, కొట్టిన రోజు తరవాత అదే మొదటిసారి. "ఏటిది, పిక్కలాగ గట్టిగుంది" అన్నాడు. ఆమె "పన్ను నొప్పి నాన్నా" అంది.

అది పన్ను కాదని నాకు తెలుసు. యెడమ బుగ్గలో గడ్డ కట్టింది, తుంటిలోది తొడ మీదికి జారి యెర్రబడింది. నెలకోసారి జ్వరం. నేను బలవంతపెట్టగా వొక ఆస్పత్రికి వచ్చింది. చీటీ దగ్గర రెండు వరసలు, ఆడ, మగ. యే వరసలో నిలబడినా తోసేశారు. చివరికి నేను నిలబడ్డాను. రాసే మనిషి తలెత్తి ఆమెను చూసి, నన్ను చూసి, "మీకేమవుతారు?" అన్నాడు. నా వెనక నా పాత విద్యార్థి తండ్రి నిలబడి వున్నాడు.

"మా వూరివాళ్ళు" అన్నాను.

ఆమె విన్నది. యేమీ అనలేదు. లోపల డాక్టరు దూరం నుంచి చూసి, యిలాంటివి మా దగ్గర కాదు, యెవరు చేశారో వాళ్ళ దగ్గరికే వెళ్ళమన్నాడు. తరవాత మరో చోట వొక డాక్టరమ్మ మాత్రం కూర్చోబెట్టి, సిలికాన్ గడ్డలు కొందరిలో రక్తంలో కాల్షియం పెంచుతాయనీ, దానివల్ల కిడ్నీలు దెబ్బతింటాయనీ, ఆరు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకోవాలనీ చెప్పింది. ఉద్దానం పిల్లకి కిడ్నీ మాట చెబితే యెలా వుంటుందో రాయనక్కర్లేదు. యెవరి వొత్తిడివల్ల యీ సూదులు వేయించుకుంటున్నారని పండితులు వెతుకుతున్నారు. స్నేహితురాళ్ళు, గురువులు, బేరగాళ్ళు, ఫోనులో బొమ్మలు అని వరస చెబుతున్నారు. ఆ వరసలో చీటీ దగ్గర నిలబడిన అన్నగారిని కూడా రాసుకోవాలి. నా వూళ్ళో నేను చెల్లెలని చెప్పుకోగలిగేటంత ఆడదానిలా కనిపిస్తే తప్ప ఆమె నాకు చెల్లెలు కాలేకపోయింది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. నిజాం రాజ్యంలో 1919లో చేసిన వొక చట్టం, నపుంసకులుగా నమోదు చేసిన మనిషి ఆడవేషంలో వీధిలో కనిపిస్తే శిక్ష వేసేది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నాల్సా తీర్పులో, తానెవరో చెప్పుకునే హక్కు మనిషిదేననీ, అందుకు శస్త్రచికిత్స చేయించుకోవాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధమనీ అంది. అయినా 2019లో పార్లమెంటు చేసిన చట్టం, స్త్రీ అనో పురుషుడు అనో కాగితం మార్చుకోవాలంటే శస్త్రచికిత్స ధ్రువపత్రం తెమ్మంది. వొకప్పుడు చీర కట్టుకోవడం నేరమైంది, తరవాత చీర చాలకపోయింది. వొంటినే రుజువుగా అడిగే రాజ్యంలో, ఆ రుజువును కొంచెం కొంచెంగా కొనుక్కుంటున్నవాళ్ళని మనం విలాసం అంటున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో ట్రాన్స్‌జెండర్ల పింఛను 2024లో 4,000 రూపాయలకు పెరిగింది. ఆ డబ్బు ఆమెకు గది అద్దెకే చాలదు.

యీ విషయాలు చెప్పినప్పుడు మా గోష్ఠిలో వొక పెద్దాయన, శ్రీకాకుళ వుద్యమ కాలంలో జైలు చూసిన మనిషి, నొచ్చుకున్నాడు. శ్రమజీవుల సమస్యలు వదిలి యీ బుగ్గల గొడవ మనకెందుకు అన్నాడు. ఆయనమీద నాకు గౌరవం వుంది. అయినా రైల్లో యిచ్ఛాపురం నుంచి విశాఖ దాకా నిలబడి తిరగడం శ్రమ కాదని ఆయన యెలా తేల్చాడో అడిగాను. జవాబు రాలేదు. మరో మిత్రుడు సాహిత్యం యీ బాధ్యత తీర్చుకుందన్నాడు. రేవతి ఆత్మకథను పి. సత్యవతి "ఒక హిజ్రా ఆత్మకథ"గా తెలుగు చేస్తే 2019కి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చిందని గుర్తుచేశాడు. నిజమే. నా అల్మారాలోనూ ఆ పుస్తకం వుంది. చీటీ దగ్గర నిలబడిన నాటికే చదివేశాను కూడా.

మొన్న సంక్రాంతికి చెల్లెలు మళ్ళీ వచ్చింది, యీసారి పగటిపూట. యెడమ బుగ్గ గడ్డకట్టి, కుడిబుగ్గ లోపలికి పోయి, ముఖం వంకరగా కనిపిస్తోంది. రైల్లో రాబడి పడిపోయింది. విశాఖలో వొక చర్మవైద్యుడి దగ్గర కుడిబుగ్గకి కరిగే రకం వేయించుకుంటానని, పది వేలు సర్దమని అడిగింది. నా పాత వ్యాసం ప్రకారం నేను యివ్వకూడదు. మా అమ్మాయి పెళ్ళికి ముందు ముఖానికి పూయించిన పూతలకి యింతకన్నా యెక్కువే పోశాను, యెవరూ నన్ను సిద్ధాంతం అడగలేదు.

డబ్బు యిస్తానన్నాను. అయితే కొన్ని షరతులు పెట్టాను - మాస్టరు బుద్ధి. ముందు ఆ పాత సిలికాన్ సంగతి డాక్టరుకి దాచకుండా చెప్పాలి, అసలు వెయ్యవచ్చో లేదో ఆయన్నే తేల్చమనాలి. మందు పేరేమిటో అడగాలి, సీసా మీది చీటీ వూడదీసి తెచ్చుకోవాలి, కరిగించే మందు గదిలో వుందో లేదో సూది వెయ్యక ముందే కనుక్కోవాలి.

"అన్నీ అడిగితే పొమ్మంటాడేమో" అంది.

నేను కూడా వస్తానన్నాను.

"వొచ్చి ఎవులని సెప్తావు?"

వచ్చే శనివారం పొద్దున్న పలాసలో రైలెక్కుతున్నాం. టిక్కెట్లు రెండూ నేనే తీశాను. మా యిద్దరి పేర్లూ, ఆమె యిప్పటి పేరే, వొకే చీటీ మీద వున్నాయి.